హాస్టల్ పిల్లగాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ



ఈసారి సంచికకు ఎవరి జీవితం రాద్దామని కూర్చున్నప్పుడు మాలో ఒకరు ఒక పాటగాని పేరు చెప్పారు. ఇంగ్లిష్ పాటలు పాడినాయన మనకెందుకని మొదట మేమే అన్నాం. ఆయన జీవితం తెలుసుకున్నాక మా మాట మేమే వెనక్కి తీసుకున్నాం. ఆయన కూడా మనలాగే అమ్మానాన్నలను వదిలి హాస్టల్లో పెరిగిన మనిషి. అదీ మన పక్క రాష్ట్రం మహారాష్ట్రలో. పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీ. ‘క్వీన్’ అనే ఇంగ్లండ్ రాక్ బృందానికి గాయకుడు.

ఈ పేరెప్పుడూ వినలేదని అనుకోకండి. క్రికెట్ స్టేడియంలో జనం రెండుసార్లు కాలితో నేలను తన్ని, ఒకసారి చప్పట్లు కొట్టే దరువు మీ అందరికీ తెలుసు. మా కాలంలో గుమ్మడిదల జిన్నారం మండలంలో, మెదక్ జిల్లాలో ఉండేది. బొంతపల్లి పిల్లలతో మ్యాచ్ పెట్టుకుంటే గట్టు మీద కూర్చొని ఇదే దరువు వేసేవాళ్లం. రాత్రి అన్నం ఆలస్యమైతే కంచాల మీద కూడా ఇదే. అది ఎవరి పాటో, ఏ దేశం నుంచి వచ్చిందో మాకు తెలియదు. అది ‘క్వీన్’ వాళ్ల ‘వి విల్ రాక్ యు’ అని, 1977లో వచ్చిందని చాలా ఏళ్లకు తెలిసింది. డప్పు చప్పుడు వింటూ పెరిగిన మనకు ఆ దరువు కొత్తగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఓడ ఎక్కిన ఎనిమిదేళ్ల పిల్లవాడు

ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న ఆఫ్రికా తూర్పు తీరానికి దగ్గరలోని జాంజిబార్ దీవిలో పుట్టాడు. తల్లిదండ్రులు బోమి, జెర్. ఇద్దరూ గుజరాత్ మూలాలున్న పార్సీలు. బుల్సారా అనే ఇంటిపేరు ఇప్పుడు వల్సాడ్ అని పిలిచే బుల్సార్ ఊరి నుంచి వచ్చింది. మన దగ్గర కూడా ఊరి పేరే ఇంటిపేరైనవాళ్లు ఎందరో ఉన్నారు కదా. జాంజిబార్ అప్పుడు బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేది. తండ్రి అక్కడ ప్రభుత్వ కొలువులో క్యాషియర్. ఫరోఖ్‌కు ఒక చెల్లెలు, కశ్మీర.

కొడుకును మంచి బడిలో చదివించాలని తల్లిదండ్రులు అతన్ని ఎనిమిదేళ్ల వయసులో భారతదేశానికి పంపారు. సముద్రం దాటి బొంబాయి, అక్కడి నుంచి సతారా జిల్లా కొండల మీద ఉన్న పంచగని. అక్కడ సెయింట్ పీటర్స్ అనే బోర్డింగ్ స్కూలు. సెలవులు చాలావరకు బొంబాయిలో అమ్మమ్మ, పిన్ని వాళ్లతోనే గడిచేవి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆయనది ఫీజు కట్టి చదివే బడి. మనది సర్కారు అన్నం పెట్టి చదివించే హాస్టల్. ఆ తేడా చిన్నదేం కాదు. కానీ ట్రంకు పెట్టె పక్కన పెట్టుకొని కొత్త మంచం మీద పడుకున్న మొదటి రాత్రి ఎట్లుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనవాళ్లు ఆదివారం వచ్చి పోతారు. ఆ పిల్లవాని వాళ్లు సముద్రానికి అవతల ఉన్నారు.

హాస్టల్లో పేరు పెట్టని పిల్లలుంటారా? ఫరోఖ్‌కు పై దవడలో నాలుగు పళ్లు ఎక్కువ. ముందు పళ్లు బయటికి తోసుకొచ్చేవి. ఆ పళ్లను పట్టుకొని తోటి పిల్లలు వెక్కిరించేవారు. మాట్లాడినా నవ్వినా పెదవితోనో చేతితోనో పళ్లు కప్పుకునే అలవాటు ఆయనకు పెద్దయ్యాక కూడా పోలేదు. డబ్బు వచ్చిన తర్వాత సరిచేయించుకోవచ్చు. కానీ నోటి ఆకారం మారితే గొంతు మారుతుందేమోనన్న భయంతో ఆ పళ్లను అట్లాగే ఉంచుకున్నాడు. వెక్కిరింపు తెచ్చిన పళ్లే తన పాటకు కాపలా అనుకున్నాడన్నమాట.

ఫ్రెడ్డీ అనే పేరు కూడా ఆ హాస్టల్లో వచ్చిందే. టేబుల్ టెన్నిస్, బాక్సింగ్ బాగా ఆడేవాడు. పియానో మీద అతని చెయ్యి చూసి, సంగీతం విడిగా నేర్పించమని హెడ్‌మాస్టర్ తల్లిదండ్రులకు ఉత్తరం రాశారు. వాళ్లు ఒప్పుకొని ఆ ఖర్చు పెట్టుకున్నారు. ఒక సారు ఒక పిల్లవాన్ని గమనించి రాసిన ఉత్తరం అది. మన హాస్టల్లో కూడా అట్లా గమనించిన సార్లు ఉన్నారు, వాళ్లను మేం మరిచిపోలేదు.

1958లో, పన్నెండేళ్ల వయసులో, మరో నలుగురు తోటి పిల్లలతో కలిసి ‘ది హెక్టిక్స్’ అని బృందం పెట్టాడు. బడి కార్యక్రమాల్లో క్లిఫ్ రిచర్డ్, లిటిల్ రిచర్డ్ పాటలు వాయించేవారు. విచిత్రమేమిటంటే అందులో ముందు నిలబడి పాడింది ఫ్రెడ్డీ కాదు. అతను పియానో దగ్గర కూర్చునేవాడు. తర్వాత ప్రపంచాన్ని ఊపేసిన గొంతు ఆ రోజుల్లో వెనక వరుసలో ఉంది. ప్రార్థనలో వెనక నిలబడి గొణిగే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఊరు వదిలి బతుకుదెరువు

1963లో ఫ్రెడ్డీ జాంజిబార్ తిరిగి వెళ్లాడు. 1964 జనవరిలో అక్కడ సుల్తాన్ పాలన మీద తిరుగుబాటు జరిగింది. వేలమంది అరబ్బులు, భారతీయులు చనిపోయారు. బుల్సారా కుటుంబం చేతికి దొరికినవి తీసుకొని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. లండన్ విమానాశ్రయానికి దగ్గరలోని ఫెల్తమ్‌లో ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. అప్పుడతనికి 17 ఏళ్లు.

చదువుకుంటూనే పని చేశాడు. హీత్రూ విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. సెలవుల్లో ఖాజీపల్లి, బొల్లారం కంపెనీల్లో డబ్బాలు ఎత్తి, ఆ డబ్బుతో ఇంటర్ పుస్తకాలు కొనుక్కున్న మాకు ఈ భాగం చదువుతుంటే మన సంగతే అనిపించింది. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో బొమ్మలు, డిజైన్ చదివి 1969లో డిప్లొమా తీసుకున్నాడు. కెన్సింగ్టన్ మార్కెట్లో పాత బట్టల దుకాణం పెట్టాడు. ఆ దుకాణంలో తోడు డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్.

రోజర్ టేలర్, గిటార్ వాయించే బ్రయన్ మే కలిసి అప్పటికే ‘స్మైల్’ అనే బృందం నడుపుతున్నారు. 1970లో వాళ్ల గాయకుడు వెళ్లిపోతే ఫ్రెడ్డీ చేరాడు. బృందానికి ‘క్వీన్’ అని, తనకు మెర్క్యురీ అని పేరు పెట్టుకున్నది అప్పుడే. 1971లో బాస్ గిటార్‌కు జాన్ డీకన్ వచ్చాడు. బృందం గుర్తును ఫ్రెడ్డీయే గీశాడు. నలుగురి రాశుల బొమ్మలు, పైన ఫీనిక్స్ పక్షి. ఆర్ట్ కాలేజీ చదువు వృథా పోలేదు.

ఈ నలుగురూ చదువుకున్నవాళ్లు. బ్రయన్ మే భౌతికశాస్త్రం విద్యార్థి. పాటల కోసం ఆపేసిన పిహెచ్‌డీని 2007లో పూర్తి చేశాడు. కుర్రతనంలో గిటార్ కొనే స్తోమత లేక తండ్రితో కలిసి తానే తయారు చేసుకున్నాడు. ఇంటి చలిమంట గూడుకు వాడిన పాత చెక్కతో గిటార్ మెడ, మోటార్ సైకిల్ ఇంజను స్ప్రింగులతో తీగల బిగింపు. ఆ గిటార్‌తోనే జీవితమంతా వాయించాడు. జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివాడు. చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో ఒక చిన్న యాంప్లిఫయర్ చేస్తే, ఆ శబ్దం వాళ్ల ఆల్బమ్‌లలోకి ఎక్కింది. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదువుతున్న తమ్ముళ్లు ఈ గిటార్ సంగతి మిగతావాళ్లకు గర్వంగా చెప్పండి.

మొదట మీరు వినాల్సిన పాటలు

మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1974లో ‘కిల్లర్ క్వీన్’ ఇంగ్లండ్‌లో రెండో స్థానానికి వెళ్లింది. 1975లో వచ్చింది ‘బొహీమియన్ రాప్సడీ’. మేం మీకు మొదట చెప్పే పాట ఇదే. దాదాపు ఆరు నిమిషాల పాట. రేడియోలో మూడు నిమిషాల పాటలు వేసే కాలంలో ఇంత పొడుగు పాట ఎవరు వేస్తారని కంపెనీవాళ్లు వెనకాడారు. ఫ్రెడ్డీ ఒక్క ముక్క కూడా కత్తిరించనియ్యలేదు. లండన్‌లో ఒక రేడియో వ్యాఖ్యాత రెండు రోజుల్లో 14 సార్లు వేశాడు. జనం దుకాణాలకు వచ్చి అడగడం మొదలుపెట్టారు. తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఈ పాటకు పల్లవి, చరణం అని ఉండదు. మెల్లగా పియానోతో మొదలై, మధ్యలో నాటకంలాగా చాలామంది వాదులాడుకున్నట్టు మారి, అక్కడి నుంచి గిటార్ హోరులోకి దూకి, చివర మళ్లీ నెమ్మదిస్తుంది. మధ్య భాగంలో వినిపించే ఆ గుంపంతా నిజానికి ఫ్రెడ్డీ, బ్రయన్, రోజర్ ముగ్గురే. ఒకరి గొంతు మీద ఒకరి గొంతు పదే పదే రికార్డు చేసుకుంటూ పోయారు. మన వీధి భాగవతం రాత్రంతా చూసినవాళ్లకు ఈ పాట తొందరగా అర్థమవుతుంది. ఒకే మనిషి ఏడ్చి, కోపపడి, ఎగతాళి చేసి, మళ్లీ మౌనంగా కూర్చోవడం అక్కడ చూశాం.

రెండోది ‘సమ్‌బడీ టు లవ్’, 1976. ఫ్రెడ్డీకి అమెరికా నల్లజాతి గాయని అరీతా ఫ్రాంక్లిన్ అంటే ప్రాణం. ఆమె నల్లవారి చర్చి పాటల నుంచి వచ్చిన మనిషి. ఆ పద్ధతిలో ఫ్రెడ్డీ కట్టిన పాట ఇది. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకొని వచ్చిన ఒంటరి మనిషి దేవున్ని నిలదీసే పాట. రాత్రి షిఫ్టు దిగి వచ్చి దీన్ని వింటే నిద్ర పట్టక ముందే కళ్లు తడుస్తాయి. మాలో ఇద్దరికి ఇది అనుభవం.

మూడోది మనం చెప్పుకున్న దరువు పాట, ‘వి విల్ రాక్ యు’. రాసింది బ్రయన్ మే. జనం కూడా బృందంలో భాగం కావాలని అట్లా కట్టాడు. ఇందులో డ్రమ్స్ లేవు. పాత చెక్క పలకల మీద కాళ్లతో తొక్కి రికార్డు చేశారు. కొద్దిమంది తొక్కుడును వేలమంది తొక్కుడుగా వినిపించడానికి ఆ చప్పుడునే కొంచెం కొంచెం ఆలస్యంగా మళ్లీ మళ్లీ చేర్చారు. ఆ ఆలస్యాలను ప్రధాన సంఖ్యల లెక్కతో పెట్టారు, అందుకే ప్రతిధ్వనిలాగా కాకుండా గుంపులాగా వినిపిస్తుంది. ప్రధాన సంఖ్యలు ఎందుకు పనికొస్తాయి సార్ అని మేం లెక్కల సారును అడిగేవాళ్లం. ఇదిగో, ఇందుకు.

దాని జంట పాట ‘వి ఆర్ ద ఛాంపియన్స్’ ఫ్రెడ్డీది. గెలిచిన రోజు అందరూ పెడతారు. మేం మాత్రం పదో తరగతి ఫలితాలప్పుడు తప్పినవాని పక్కన కూర్చొని వినమని చెబుతాం. అందులో గెలుపు కంటే ముందు ఓడిపోయిన రోజుల సంగతి ఉంది.

మేం దాచని ఒక తప్పు

అభిమానం ఉంది కదా అని ఒక సంగతి దాచడం సరికాదు. 1984 అక్టోబర్‌లో ‘క్వీన్’ దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో కచేరీలు చేసింది. అప్పుడు ఆ దేశంలో నల్లవారిని వేరుగా పెట్టే పాలన నడుస్తోంది. ఆ పాలనకు నిరసనగా అక్కడ పాడవద్దని ఐక్యరాజ్యసమితి కళాకారులను కోరింది. అయినా వీళ్లు వెళ్లారు. తమకు రాజకీయాలతో సంబంధం లేదని, వినేవాళ్ల కోసం పాడామని చెప్పుకున్నారు. సొంత దేశపు సంగీతకారుల సంఘం జరిమానా వేసింది. బహిష్కరణను కాదన్న కళాకారుల జాబితాలో ఐక్యరాజ్యసమితి వాళ్ల పేరు చేర్చింది.

ఊరి చివర వాడల నుంచి వచ్చిన మనకు వేరుగా పెట్టడం అంటే ఏంటో తెలుసు. నల్లజాతి గాయని దగ్గర పాట నేర్చుకున్న మనిషి ఆ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది అనిపిస్తుంది. ఈ సంగతి మీద మాలో మేం చాలాసేపు కొట్లాడుకున్నాం. పాటలు వినడం మానేద్దామని ఒకరన్నారు. చివరికి, పాట వినాలి, తప్పును తప్పనే చెప్పాలి అని నిర్ణయించుకున్నాం.

ఇరవై నిమిషాలు

1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో, అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఒకే రోజు ‘లైవ్ ఎయిడ్’ కచేరీలు జరిగాయి. వెంబ్లీలో 72,000 మంది. ఒక్కో బృందానికి దొరికిన సమయం దాదాపు ఇరవై నిమిషాలు. చాలామంది నేరుగా వచ్చి పాడారు. ‘క్వీన్’ వాళ్లు మాత్రం ముందు నుంచి గడియారం పెట్టుకొని సాధన చేసి వచ్చారు.

పట్టపగలు, రంగుల లైట్లు లేవు, పొగ లేదు. తెల్ల బనియను వేసుకున్న ఒక మనిషి, సగం విరిగిన మైకు కర్ర. ‘రేడియో గా గా’ పాడుతుంటే 72,000 మంది చేతులు ఒకేసారి పైకి లేచి చప్పట్లు కొట్టాయి. పాటకు పాటకు మధ్య ఫ్రెడ్డీ మాటలేమీ లేకుండా ఒక రాగం తీసి వదిలితే స్టేడియమంతా దాన్ని తిరిగి పాడింది. మన పాటగాళ్లు గొంతెత్తితే వెనక కోరస్ అందుకోదూ, అట్లా. వీలుంటే దీన్ని వినడమే కాకుండా చూడండి. పళ్లు కప్పుకునే పిల్లవాడు అక్కడ నోరంతా తెరిచి పాడతాడు.

చివరి పాటలు

ఫ్రెడ్డీ మగవాళ్లను ప్రేమించిన మనిషి. ఒకప్పటి ప్రియురాలు మేరీ ఆస్టిన్ చివరిదాకా ఆయనకు అత్యంత దగ్గరి స్నేహితురాలుగా ఉంది. తన సొంత సంగతులు పత్రికలకు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. 1987లో తనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. అప్పట్లో దానికి ప్రాణం నిలబెట్టే మందు లేదు. దగ్గరివాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మనిషి చిక్కిపోతుంటే పత్రికలవాళ్లు ఇంటి ముందు కాపు కాశారు.

ఆయన పాడటం ఆపలేదు. స్పెయిన్ ఒపేరా గాయని మోంసెరాత్ కబయేతో కలిసి ‘బార్సిలోనా’ పాడాడు. 1990లో బ్రయన్ మే ముఖ్యంగా రాసిన ‘ద షో మస్ట్ గో ఆన్’ రికార్డు చేయాల్సి వచ్చింది. చాలా పై స్థాయిలో పాడాల్సిన పాట. నిలబడటమే కష్టంగా ఉన్న మనిషి పాడగలడా అని బ్రయన్‌కు అనుమానం. ఫ్రెడ్డీ పాడాడు. ఆ గొంతులో నీరసం ఎక్కడుందో వెతకండి, దొరకదు. ఆ తర్వాత 1991లో ‘మదర్ లవ్’ పాడుతూ చివరి చరణం తర్వాత పాడతానని ఆపాడు. మళ్లీ రాలేకపోయాడు. ఆ చరణం బ్రయన్ పాడాడు.

1991 నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇచ్చాడు. మరునాడు, నవంబర్ 24న, చనిపోయాడు. వయసు 45. అంత్యక్రియలు పార్సీ పద్ధతిలోనే జరిగాయి. ఆయన పేరు మీద మిత్రులు 1992లో ఎయిడ్స్ మీద పనిచేసే మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్ట్ పెట్టారు. వైరస్‌ను అదుపులో ఉంచే మందుల కలయిక 1996లో వాడకంలోకి వచ్చింది. ఇంకో ఐదేళ్లు ఉంటే అందేది.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాం. మా బ్యాచ్‌లో ఒకని నాన్న లారీ డ్రైవర్. మేం తొమ్మిదిలో ఉండగా చనిపోయాడు. కామెర్లని వాడు మాకు చెప్పాడు. పదిహేనేళ్ల తర్వాత ఒక రాత్రి అందరం కలిసి ఈ పాటలే వింటూ, ఫ్రెడ్డీ ఎట్లా పోయాడో మాట్లాడుకుంటుంటే వాడు సెల్ పక్కన పెట్టి, మా నాన్నది కూడా అదేనని చెప్పాడు. చావుకు ఊళ్లో పాడె పట్టడానికి కూడా ఎవరూ రాలేదట. మేం వాడితో ఒకే కంచంలో తిన్నాం, ఒకే చద్దర్ కప్పుకున్నాం. అయినా మాకు చెబితే దూరం పెడతామని వాడు భయపడ్డాడు. ఆ భయానికి మేం కూడా కారణమే. ఆ జబ్బు పేరు పెట్టి జోకులు వేసింది మేమే.

తమ్ముళ్లూ, కలిసి తింటే, ఒకే గదిలో ఉంటే ఆ జబ్బు అంటదు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోజూ వేసుకుంటే మామూలు మనిషిలాగా బతకొచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను బడిలోగాని, పనిలోగాని వేరుగా చూడకూడదని 2017లో చట్టం కూడా వచ్చింది. మీ గదిలో ఎవరైనా ఏదైనా దాచుకొని ఉంటే, చెప్పుకోగలిగే గది అది కావాలి.

సెలవు తీసుకునే ముందు మా జాబితా. కొత్తగా వినేవాళ్లు ‘వి విల్ రాక్ యు’తో మొదలుపెట్టండి. పొద్దున లేవబుద్ధి కాకపోతే ‘డోంట్ స్టాప్ మి నౌ’. పాత ఊపు పాట కావాలంటే ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’, అది ఫ్రెడ్డీ స్నానం చేస్తూ కొన్ని నిమిషాల్లో కట్టిన పాట. బాస్ గిటార్ అంటే ఏంటో తెలియాలంటే జాన్ డీకన్ రాసిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’. ఇల్లు గుర్తొచ్చిన రాత్రి ‘లవ్ ఆఫ్ మై లైఫ్’. అన్నీ అయ్యాక, లైట్లు ఆర్పి, నలుగురూ ఒక్క సెల్ చుట్టూ చేరి ‘బొహీమియన్ రాప్సడీ’. ఇంగ్లిష్ అర్థం కాలేదని ఆపకండి. మొదటిసారి మాకూ అర్థం కాలేదు.

వార్షికోత్సవం రోజు మేం వస్తాం. దరువు మీరు మొదలుపెట్టండి, మేం అందుకుంటాం.

– మీ పూర్వ విద్యార్థి అన్నలు, గుమ్మడిదల